గోడమీద చీటీలు అతికిస్తే ఫ్లోరైడు పోతుందా?

(ఈ శీర్షికలో పాఠకుల ప్రశ్నలకు జవాబులు రాస్తున్నవారు గ్రామీణ నీటి సరఫరా విభాగంలో ఇంజనీరుగా ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పనిచేసి రిటైరయ్యారు.)

ప్రశ్న: సార్, మాది దేవరకొండ దగ్గర పల్లె. హైదరాబాదులో బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఈమధ్య మా కాలేజీలో డిజైన్ థింకింగ్ మీద వర్క్‌షాప్ పెట్టారు. మనుషుల కష్టాన్ని దగ్గర్నుంచి చూడటం, అసలు సమస్య ఏమిటో తేల్చుకోవడం, తోచిన ఐడియాలన్నీ చీటీల మీద రాసి గోడకు అతికించడం, చవగ్గా ఒక నమూనా చేయడం, దాన్ని వాడించి చూసి మళ్లీ సరిదిద్దుకోవడం, ఇదీ పద్ధతి. ఫోన్లు, చెప్పులే కాదు, పేదరికం, నీళ్లు, వైద్యం లాంటి పెద్ద సమస్యలు కూడా దీంతో తీరతాయని చెప్పారు. మా టీమ్ మా ఊళ్ల నీళ్లలోని ఫ్లోరైడు సమస్యను తీసుకుంది. ఫిల్టరు అమర్చిన బాటిల్ నమూనా చేశాం, బహుమతి వచ్చింది. ఇంటికి తెచ్చి నాయనమ్మకు చూపిస్తే "ఇసొంటియి శానా చూసినం బిడ్డా" అంది. ఆమె నడుము వంగిపోయి చాలా ఏళ్లయింది. అప్పట్నుంచి నాకు ఒకటే టెన్షన్. ఈ పద్ధతి పెద్ద సమస్యలకు నిజంగా పనికొస్తుందా?
– ఒక విద్యార్థిని, దేవరకొండ

జవాబు: అమ్మా, మీ నాయనమ్మ ఆ మాట ఊరికే అనలేదు. నీళ్లలోని ఫ్లోరైడు వల్ల ఎముకలు వంగిపోయే ఈ ఒక్క జబ్బుకు ఎన్ని పరిష్కారాలు వచ్చి పోయాయో ఆమె వయసువాళ్లు కళ్లారా చూశారు. వాటిలో రెండింటి సంగతి నువ్వు తెలుసుకోవాలి. రెండూ మంచి డిజైన్లే కాబట్టి తెలుసుకోవాలి.

మొదటిది బోరింగు. మన ఊళ్లలో బోరింగు అనే చేతిపంపు అసలు పేరు ఇండియా మార్క్ టూ. 1960ల చివర్లో కరువులు వచ్చినప్పుడు రాతి నేలల్లో బోర్లు వేయడం జోరందుకుంది. వాటిమీద బిగించిన పోత ఇనుప పంపులు ఎక్కడో విదేశాల్లో ఒక్క ఇంటి అవసరానికి చేసిన మోడళ్లు. ఇక్కడ ఊరు ఊరంతా కోడి కూసింది మొదలు రాత్రిదాకా ఒకే పంపు కొడుతుంటే అదెన్నాళ్లుంటుంది? పిన్నులు అరిగేవి, పిడి విరిగేది, నెలల తరబడి అట్లనే పడి ఉండేది. అప్పుడు యూనిసెఫ్ వాళ్లు, మన ఇంజనీర్లు, రిచర్డ్‌సన్ అండ్ క్రుడాస్ అనే ప్రభుత్వరంగ కంపెనీ కలిసి, షోలాపూర్ వైపు మిషన్ వర్క్‌షాపులో పుట్టిన ఒక గట్టి పంపును ఆధారం చేసుకుని కొత్తదాన్ని తయారుచేశారు. కోయంబత్తూరు చుట్టుపక్కల పల్లెల్లో పెట్టి వాడించారు. ఎక్కడ అరిగితే అక్కడ మార్చారు. పిడి చివర గొలుసు వేయడంతో లోపలి రాడ్డు పక్కకు గుంజకుండా నిటారుగా లేస్తుంది. పేటెంట్ పెట్టుకోలేదు కాబట్టి ఎవరైనా చేసుకోవచ్చు. 1970ల చివరికి తయారీ పెద్దఎత్తున మొదలైంది, తర్వాత ఆఫ్రికా దేశాలదాకా వెళ్లింది. మీ వర్క్‌షాప్‌లో చెప్పిన మెట్లన్నీ ఇందులో ఉన్నాయి. ఆ పంపు గురించి ఇప్పటికీ నాకు గౌరవమే.

మన జిల్లాలో ఆ పంపే లోతు నీళ్లను పైకి తెచ్చింది. ఇక్కడి నేల గ్రానైటు. రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీళ్లలోకి ఆ రాయిలోని ఫ్లోరైడు కరుగుతూ ఉంటుంది. చేదబావుల కాలంలోనే, 1940ల్లోనే, డాక్టర్లు ఈ ప్రాంతంలో ఈ జబ్బును గుర్తించారు. బోర్లు లోతుకు పోయినకొద్దీ అది ఇంకా ముదిరింది. తాగే నీళ్లలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రమాణం. దాటితే కంటికి కనిపించదు, ముక్కుకు వాసన రాదు, నీళ్లు తేటగా మెరుస్తుంటాయి. పంపు చేసినవాళ్లు తమకిచ్చిన ప్రశ్నకు బ్రహ్మాండమైన జవాబు చెప్పారు. పంపు పాడవకుండా ఉండాలన్నది ఆ ప్రశ్న. నీళ్లలో ఏముందన్నది వాళ్ల ప్రశ్నలోనే లేదు.

రెండోది మన ఊరి పేరు పెట్టుకున్న పద్ధతి, నల్లగొండ టెక్నిక్. నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు 1970ల్లో రూపొందించారు. కెన్యా, టాంజానియాల్లో కూడా వాడారు. అడుగుకు కాస్త పైన నల్లా బిగించిన బకెట్లో బోరు నీళ్లు పోసి, పటిక, పటికలో ఇరవయ్యో వంతు సున్నం, కొంచెం బ్లీచింగ్ పౌడరు వేస్తారు. ముందు జోరుగా, తర్వాత నిదానంగా పది నిమిషాలు కలుపుతారు. గంటో రెండు గంటలో కదిలించకుండా వదిలేస్తే తెల్లటి తెట్టె అడుక్కి దిగుతుంది, పైన తేరిన నీళ్లు నల్లా తిప్పి పట్టుకోవాలి. కరెంటు అక్కర్లేదు, మిషను అక్కర్లేదు, సామాను కిరాణా కొట్టులో దొరికేదే. కాగితం మీద ఇంతకంటే పేదల పక్షాన ఉండే డిజైన్ ఏముంటుంది?

ఎన్నో వాకిళ్లలో కూర్చుని ఈ కొలతలు చెప్పినవాణ్ణి కాబట్టి అది ఇళ్లలో ఎందుకు నిలబడలేదో చెప్తాను. పటిక ఎంత వేయాలన్నది ఆ నీళ్లలో ఫ్లోరైడు ఎంత, క్షారం ఎంత అన్నదాన్ని బట్టి మారుతుంది. ఒక బోరుకు సరిపోయిన కొలత పక్క బోరుకు సరిపోదు. తక్కువ వేస్తే విషం పోదు, ఎక్కువ వేస్తే వగరు. చీకటితో లేచి వంట చేసి పత్తి చేనుకు పోవాల్సిన మనిషి, ఎదురుగా తేటనీళ్లు ఉండగా రోజూ రెండు గంటలు ఆగి తాగాలి. ఆ తెట్టెను ఎక్కడ పారబోయాలో ఎవరూ చెప్పరు. పటిక అయిపోతే తెచ్చిచ్చేవాళ్లు ఉండరు. తాగినందువల్ల ఇవాళ్టికి ఇవాళ వచ్చే నష్టం కనబడదు, ఎముకలు పట్టేసేది ఏళ్ల తర్వాత. మీ బాటిల్‌నూ ఇదే ప్రశ్నలు అడగాలి: లోపలి పౌడరు అయిపోయిన రోజు ఎవరు మారుస్తారు? అయిపోయిందని ఎట్లా తెలుస్తుంది?

ఇక అసలు విషయానికి వస్తాను. మునుగోడు, మర్రిగూడ, దేవరకొండ వైపు ఏ ఊళ్లో ఎవర్ని ఆపి అడిగినా జవాబు ఒకటే వచ్చేది: "కృష్ణా నీళ్లు ఇయ్యుండ్రి". చదువుకున్నాయన, చదువుకోని ముసలవ్వ, అందరిదీ అదే మాట. అది సరైన జవాబే. నాగార్జునసాగర్ ఈ జిల్లా నేలమీదే ఉంది, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. కానీ ఈ పైప్రాంతం కాలువ మట్టానికి ఎత్తున ఉంది, ఎత్తిపోస్తేనే నీళ్లొస్తాయి, లేదా కొండ తొలచాలి. 2004లో అక్కంపల్లి రిజర్వాయరు నుంచి, కోదండాపురంలో శుద్ధిచేసి, వంద కిలోమీటర్ల పైచిలుకు పైపులేసి కృష్ణా నీళ్లను హైదరాబాదుకు పంపారు. అక్కంపల్లి, కోదండాపురం రెండూ నల్లగొండ జిల్లావే. అంటే ఎత్తడం వచ్చు, శుద్ధిచేయడం వచ్చు, అంత దూరం పైపులేయడమూ వచ్చు. ఇక్కడ లోటు తెలివిది కాదు. ఎవరికి ముందివ్వాలి, ఎవరి డబ్బు ఖర్చుపెట్టాలి అన్న నిర్ణయానిది.

ఆ నిర్ణయం కోసం ఈ జిల్లా ఏం చేసిందో మీ వర్క్‌షాప్‌లో చెప్పి ఉండరు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి 480 మంది పోటీచేశారు. జల సాధన సమితి పిలుపుతో రైతులు, కూలీలు, ఫ్లోరైడు బాధితులు నామినేషన్లు వేశారు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది, పోలింగు వాయిదా వేయాల్సి వచ్చింది. దేశమంతా నల్లగొండ నీళ్ల గురించి మాట్లాడింది. ఆ ఏడాదే చట్టం మార్చి లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్టును 500 రూపాయల నుంచి 10,000కు పెంచారు. నీళ్లకంటే ముందు అదొచ్చింది. నదినీళ్ల పథకాలు తర్వాత ఒక్కొక్కటిగా కదిలాయి. 2015లో చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్ లేచింది, ఇంటింటికీ నల్లాలు వచ్చాయి. కొండ తొలిచి కృష్ణా నీళ్లు తెచ్చే శ్రీశైలం ఎడమగట్టు సొరంగం పనయితే ఇప్పటికీ పూర్తికాలేదు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర పైకప్పు కూలి ఇంజనీర్లు, కార్మికులు కలిపి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. మన నీళ్ల కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చి పనిచేస్తున్నవాళ్లు వాళ్లు. ఈ జిల్లావాళ్లెవరూ వాళ్లను మరవకూడదు.

కాబట్టి నా లెక్క ఇది. ఊళ్లోకి వెళ్లి పదిమందిని అడుగు. అందరూ ఒకే జవాబు చెప్తే అక్కడ నీ పద్ధతితో పనిలేదు, ఆ జవాబును అమలుచేయగలవాళ్ల ముందు పెట్టే పని ఉంది. పదిమంది పది రకాలుగా చెప్తేనో, ఎందుకిట్లా అవుతుందో వాళ్లకే అంతుపట్టకపోతేనో, అప్పుడు నీ నోట్‌బుక్కు తీసి కూర్చో. అక్కడ నువ్వు చూసే చూపుకు విలువ ఉంది.

పెద్ద సమస్యల గురించి ఈ మాట కొత్తదేం కాదు. అమెరికాలో బర్క్‌లీలో పనిచేసిన హోర్స్ట్ రిట్టెల్, మెల్విన్ వెబర్ 1973లోనే రాశారు: సమాజానికి సంబంధించిన చిక్కుల్లో అసలు సమస్య ఏమిటన్న దగ్గరే జనానికి పేచీ ఉంటుంది, లెక్క తేలినట్టు ఎక్కడా తేలదు, ఒకసారి వేసిన అడుగును వెనక్కి తీసుకోవడం కుదరదు. రిట్టెల్ డిజైన్ పాఠాలు చెప్పిన మనిషే. స్టాన్‌ఫర్డ్‌లోనూ ఐడియో అనే కంపెనీలోనూ ఈ పద్ధతికి ఇప్పటి రూపం వచ్చింది ఆ తర్వాతే. ఈ హెచ్చరికను పక్కనపెట్టి మెట్లను మాత్రం ఊరూరా నేర్పుతున్నారు. నాకు బాధ అక్కడే.

పక్కన పెడితే ఏమవుతుందో దక్షిణాఫ్రికా పంపు చెప్తుంది. పిల్లలు రంగులరాట్నం తిప్పుతూ ఆడుకుంటుంటే ట్యాంకులోకి నీళ్లెక్కుతాయి, దాన్ని ప్లేపంప్ అన్నారు. ఫోటోలో చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. 2006లో అమెరికా అధ్యక్షుడి భార్య లారా బుష్ దీనికి 1.64 కోట్ల డాలర్ల సాయం ప్రకటించారు. 2009లో గార్డియన్ పత్రిక లెక్కగడితే, చెప్పినంత మందికి నీళ్లు అందాలంటే పిల్లలు రోజుకు 27 గంటలు తిప్పాలని తేలింది. పిల్లలు లేనప్పుడు ఆడవాళ్లే ఆ చక్రాన్ని తోశారు. కొన్నిచోట్ల బాగా పనిచేస్తున్న చేతిపంపును పీకేసి మరీ దాన్ని బిగించారు. నీళ్లు మోసే మనిషిని అడగకుండా, డబ్బిచ్చే మనిషికి నచ్చేట్టు చేశారన్నమాట.

ఇంతా చెప్పి నిన్ను ఆపడం నా ఉద్దేశం కాదు. నీకు పని ఉంది, మీ ఇంట్లోనే ఉంది. నీళ్లు మారినంత మాత్రాన మీ నాయనమ్మ నడుము మళ్లీ నిలబడదు. ఎముకల్లో చేరిన ఫ్లోరైడు చేసిన నష్టం ఇక పూడదు. ఈ జిల్లాలో అట్లాంటి పెద్దవాళ్లు ఇంకా ఎందరో ఉన్నారు, నీళ్ల సమస్య తీరిందనేసరికి వాళ్ల ఊసు ఎత్తేవాళ్లు తగ్గిపోయారు. ఒక్కసారి ఆమె రోజును చూడు. పొద్దున్నే మరుగుదొడ్డికి పోవాలి. ప్రభుత్వ సాయంతో కట్టిన మరుగుదొడ్లలో దాదాపు అన్నిట్లోనూ కింద కూర్చునే పళ్లెమే ఉంటుంది. మోకాళ్లు ముడవని మనిషి అక్కడ ఎట్లా కూర్చుంటుంది? గోడకు పట్టుకోవడానికి ఏమీ ఉండదు. తలుపు ఇరుకు, చేతికర్రతో లోపలికి తిరగలేదు. గడప ఎత్తు. అందుకే చాలామంది ముసలివాళ్లు పొద్దుటిపూట నీళ్లు తాగడం తగ్గించేస్తారు. ఈ మాట వాళ్లు మగ ఇంజనీర్లకు చెప్పరు, నీకు చెప్తారు.

మంచం ఎత్తు ఎంతుంటే ఆమె ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేస్తుంది? మెడ తిప్పలేని మనిషి పక్కనుంచి వచ్చే బండిని ఎట్లా చూస్తుంది? పింఛను కోసం ఎంతసేపు నిలబడుతుంది? వీటికి జవాబు అందరికీ ముందే తెలుసని ఎవరూ అనలేరు. ఒక్కో ఒంటికి ఒక్కో రకంగా వంకర తిరిగింది కాబట్టి ఒకే కొలత పనికిరాదు. ఊళ్లో వడ్రంగి చేతితో, రెండు ఇనుప పైపులతో, నాలుగిటుకలతో నమూనా చేయవచ్చు, మర్నాడే మార్చవచ్చు. మీ వర్క్‌షాప్‌లో నేర్చుకున్నదంతా ఇక్కడ అక్షరాలా పనికొస్తుంది. బాటిల్ పక్కన పెట్టి దీంతో మొదలుపెట్టు, ఏమైందో నాకు రాయి.

ప్రశ్న: మా ఊళ్లో ఇంటింటికీ భగీరథ నల్లా ఉంది. అయినా సగం ఊరు ప్లాంటు దగ్గర క్యాన్లు కొంటోంది. అవగాహన సదస్సు పెట్టాం, కరపత్రాలు పంచాం. ఎవరూ మారలేదు. వీళ్లకు ఎట్లా చెప్పాలి?
– వార్డు మెంబరు, నాగర్‌కర్నూల్ జిల్లా

జవాబు: చెప్పడం ఆపి ఒకరోజు ఒకింట్లో కూర్చోండి. నల్లా వచ్చే ముందు వెళ్లి మధ్యాహ్నం దాకా ఉండండి.

మర్రిగూడ వైపు ఒకింట్లో నేను చూసింది రాస్తాను, మీ ఊళ్లోనూ ఇదే కనిపించవచ్చు. వాకిట్లో నల్లా నేలకు జానెడెత్తున ఉంది, బిందె కింద పట్టదు. అందుకని ఆ ఇల్లాలు ముక్క పైపు తగిలించి నీలం డ్రమ్ములోకి వదిలింది. నల్లా వచ్చే వేళ ఒకరోజు ఆరు, ఒకరోజు ఎనిమిది. ఎనిమిదికి వస్తే ఆమె అప్పటికే కూలి ఆటో ఎక్కేసి ఉంటుంది. నల్లా తప్పిన రోజు అదే డ్రమ్ములోకి పంచాయతీ బోరు నీళ్లు పడతారు. నల్లా తిప్పగానే వచ్చే నీళ్లకు క్లోరిన్ వాసన ఉంటుంది. ఇక క్యాను అతనో, మైకు పెట్టుకుని రోజూ ఒకే వేళకు గడపదాకా వస్తాడు, క్యాను లోపల దించుతాడు, డబ్బులు వారానికోసారి తీసుకుంటాడు. ఆమె తాగడానికి క్యాను నీళ్లు, అన్నానికీ పప్పుకూ డ్రమ్ము నీళ్లు వాడుతోంది. డ్రమ్ములో ఏయే నీళ్లున్నాయో ఆమెకే తెలియదు. తాగే నీళ్లకు డబ్బు పోస్తూ, వంటలోంచి బోరు నీళ్లు పిల్లల కడుపులోకి పోతున్నాయి.

కరపత్రంలో ఏం రాస్తే ఇది మారుతుంది చెప్పండి?

మీ చేతుల్లో ఉన్నవి చేయండి. నల్లా వేళను ఖాయం చేయించి, కూలికి పోయేలోపు వచ్చేట్టు చూడండి. ఏ పూటైనా తప్పుతుందంటే ముందురోజు మైకులో చెప్పించండి. మీ ఊరి ట్యాంకులోకి బోరు నీళ్లు కలుపుతున్నారేమో కనుక్కోండి. కలుపుతుంటే దానికి వేరే లైను, వేరే ట్యాంకు కావాలని తీర్మానం చేయించండి, ఇది అన్నిటికంటే ముఖ్యం. ఇళ్లలో రెండో పాత్ర ఉండాలి: మూతా నల్లా ఉన్న చిన్న డ్రమ్ము, ఎత్తు గద్దె మీద, నదినీళ్లకు మాత్రమే. ముందు నాలుగిళ్లలో పెట్టి చూడండి. ఎత్తు చాలకపోయినా మూత ఊడినా ఆ ఇంటివాళ్లే చెప్తారు, మార్చి మిగతా ఇళ్లకు వెళ్లండి.

ఫ్లోరైడు పరీక్ష కిట్టు నీటి సరఫరా విభాగం దగ్గర దొరుకుతుంది. పంచాయతీ దగ్గర నలుగురూ చేరే వేళ బోరు నీళ్లు ఒక సీసాలో, నల్లా నీళ్లు ఒక సీసాలో పోసి మందు చుక్కలు వేయించండి. ఫ్లోరైడు ఎక్కువున్న నీళ్లలో గులాబీరంగు పసుపుకు తిరుగుతుంది. రంగు మారడం జనం కళ్లతో చూడాలి. ప్లాంటు వెనక కాలువలోకి వదిలే వృథా నీళ్లను కూడా పరీక్షించండి. క్యాను నీళ్లలోంచి తీసేసిన ఫ్లోరైడు మాయమైపోదు, ఆ వదిలేసిన నీళ్లతో మళ్లీ మీ ఊరి నేలలోకే దిగుతుంది.

క్యాన్లు కొంటున్నవాళ్లను మాత్రం తప్పుపట్టకండి. వాళ్ల లెక్క వాళ్లకుంది.

ప్రశ్న: మాది పుట్టపాక, చేనేత కుటుంబం. ఆసు యంత్రం మా అమ్మ చేతుల్ని కాపాడింది. అట్లాంటి ఆలోచనే ఇంకోటి వస్తే మా వృత్తి మొత్తం నిలబడుతుందా? ప్రింటు చీరలు మా పొట్ట కొడుతున్నాయి.
– ఒక యువకుడు, పుట్టపాక

జవాబు: ఆసు యంత్రం కథ మీకు తెలిసిందే, మిగతా పాఠకుల కోసం రెండు ముక్కలు. పోచంపల్లి తరహా చీరకు చిటికి కట్టే ముందు, అంటే రంగు అంటకుండా దారానికి అక్కడక్కడ కట్లు కట్టే ముందు, ఆసు పోయాలి. సగం చక్రంలా ఉన్న చట్రం మీద వరుసగా మేకులుంటాయి. దారాన్ని మధ్య మేకు నుంచి అంచు మేకుకు, అక్కణ్నుంచి వెనక్కి, ఒక్క చీరకు 9,000 సార్లు చెయ్యి తిప్పాలి. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారి తల్లి లక్ష్మి గారు రోజంతా ఆ పని చేసి భుజం నొప్పితో బాధపడేవారు. ఆయన 1992లో మొదలుపెట్టి 1999కి యంత్రం పూర్తిచేశారు, తల్లి పేరే పెట్టారు. గంటల తరబడి పట్టే పని గంటన్నరకు వచ్చింది. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన బడి చదువు మధ్యలోనే ఆగిపోయింది. హైదరాబాదులో కరెంటు పనిచేస్తూ, సంపాదించిందంతా ఈ చట్రం మీదే పెట్టారు. అంత ఓపిక ఏ వర్క్‌షాపులోనూ నేర్పలేరు.

ఆయన సమస్యలో తెలియనిది ఒకటుంది: ఆ చేతి కదలికను యంత్రంతో ఎట్లా చేయించాలి? అది తెలిసింది, భుజాలు బాగుపడ్డాయి. మీ రెండో సమస్యలో తెలియనిదేమీ లేదు. మీ డిజైన్ మిల్లులో ప్రింటై మీ చీర ధరలో ఎన్నో వంతుకో అమ్ముడుపోతోంది. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు ఉంది, మీరు నూనె పట్టించిన దారంతో నేసే తేలియా రుమాలుకు 2020లో వచ్చింది. చేనేతకే కేటాయించిన రకాలను మరమగ్గాల మీద నేయకూడదని 1985 నాటి చట్టమూ ఉంది. ఉన్నవాటిని అమలుచేయించాలి. సంఘంగా ఏర్పడి, నకిలీ గుడ్డ ముక్కలు, కొన్న బిల్లులు జతచేసి ఫిర్యాదు ఇవ్వాలి. ఒక్కరు ఇస్తే మూలకు పడుతుంది, ఊరంతా సంతకాలు పెట్టి ఇస్తే చదువుతారు.

డిజైన్‌కు చోటున్నది కొనేవాళ్ల దగ్గర. అసలు ఇక్కత్‌లో రంగు దారంలోనే ఉంటుంది కాబట్టి గుడ్డ తిరగేసినా డిజైన్ అట్లాగే కనిపిస్తుంది, అంచులు కాస్త అలుక్కున్నట్టు ఉంటాయి. ప్రింటులో సాధారణంగా వెనకవైపు వెలిసినట్టు ఉంటుంది. పెళ్లి బట్టలు కొనడానికి వచ్చే పదిమందిలో ఎంతమందికి ఇది తెలుసు? వాళ్లు దుకాణంలో చీరను ఎట్లా పట్టుకుంటారు, ఏం అడుగుతారు, ఏ మాట దగ్గర ప్రింటుకు మొగ్గుతారు? మీ వయసు పిల్లలు కొన్నాళ్లు దుకాణాల్లో నిలబడి చూడండి. చీరతోపాటు ఇచ్చే చీటీ మీద ఏం రాయాలో అప్పుడు తెలుస్తుంది.

ప్రశ్న: ఇంటింటా ఇన్నోవేటర్ పోటీకి మా హైస్కూలు పిల్లల్ని తయారుచేస్తున్నాను. ఏ అంశం ఇవ్వమంటారు?
– సైన్సు టీచరు, మహబూబ్‌నగర్

జవాబు: అంశం మీరివ్వకండి, మేడమ్. పిల్లల్ని వాళ్ల ఇంట్లో, చేనులో, బస్టాండులో ఒక వారం చూసిరమ్మనండి. ఎవరికి ఏ పని దగ్గర ఒళ్లు నొప్పి పుడుతోందో, ఏ పని కోసం రెండుసార్లు తిరగాల్సి వస్తోందో రాసుకొమ్మనండి. బొంబాయికి, పూణేకు వలసపోయిన అమ్మానాన్నల పిల్లలు మీ బడిలో ఉంటారు, వాళ్లు రాసేది శ్రద్ధగా చదవండి.

వచ్చినవాటిని రెండుగా విడదీయండి. మన చేతులతో చేసి చూడగలిగినవి పోటీకి పంపండి. వేరే ఎవరో ఇవ్వాల్సినవి, ఊరికి బస్సు, బడికి మరుగుదొడ్డి లాంటివి, పిల్లలతోనే అర్జీగా రాయించండి. ఏం కావాలో మొదటి వాక్యంలోనే ఉండాలి, ఎన్ని ఇళ్లకు అవసరమో లెక్క ఉండాలి, అందరి సంతకాలు ఉండాలి. సోమవారం కలెక్టరేటులో జనం అర్జీలు తీసుకునే ప్రజావాణి ఉంటుంది. పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లి ఇప్పించండి, రసీదు నంబరు బడి నోటీసు బోర్డు మీద రాయించండి.